బ్రెడ్డు అంచులు

పెళ్లయిన కొత్తలో నాకు ప్రతిదీ ముద్దొచ్చేది. ఒకే గ్లాసులో మూడు టూత్‌బ్రష్‌లు ముద్దొచ్చేవి. గుమ్మం పక్క మేకుకి వేలాడే నా తాళంచెవి ముద్దొచ్చేది. మా ఆయన బూట్ల లేసులు కట్టుకునేటప్పుడు నాలుక కొస కాస్త బయటపెడతారు. అది చూసి వంటగదిలోకి పరిగెత్తి ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

ఇలాంటివి ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు పొట్ట ఉబ్బిపోతుంది. చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఎవరూ లేక దేవుడితో చెప్పేదాన్ని. పడుకునే ముందు ఆ రోజు నచ్చినవన్నీ వరసగా చెప్పి, ఒక్కొక్కదానికీ విడిగా థాంక్స్ చెప్పడం నాకు చిన్నప్పటి అలవాటు. కాలేజీలో నా రూమ్మేట్ "పాపం దేవుడికి నిద్రెప్పుడే?" అని ఏడిపించేది.

ఆ వానాకాలం చెప్పినన్ని థాంక్స్‌లు నా జన్మలో చెప్పలేదు. చెప్పడం మానేసింది కూడా ఆ వానాకాలమే.

మా ఆయన రేవులో క్రేన్ నడుపుతారు. పొద్దున్నే నిచ్చెన ఎక్కి, అంత ఎత్తున గాజుగదిలో కూర్చుంటే మళ్లీ సాయంత్రమే దిగడం. కిందనుంచి ఎంత అరిచినా పైకి వినపడదు కాబట్టి అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. చూపుడువేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని. కిందికి పెట్టి తిప్పితే దించమని. ఒక చేతి మీద ఇంకో అరచెయ్యి కప్పితే మెల్లగా అని. ఆ చేతులు మా ఇంటిదాకా వచ్చేశాయి. ఆయన కూతురికి పుట్టినప్పటినుంచీ గుండెలో ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోదు. ఊపిరి అందని రోజున మాట్లాడే శ్రమ లేకుండా, దానికి నడక వచ్చినప్పుడే ఆయన ఈ సైగలు నేర్పారట. పదమూడేళ్లు వచ్చేసరికి ఆ తండ్రీకూతుళ్లు సైగలతో జోకులు కూడా వేసుకునేవారు.

నేను కూర గిన్నె పట్టుకుని నిలబడితే, టేబుల్‌కి అటు నుంచి ఆ అమ్మాయి వేలు ఒకటి కదిలేది. ఇటు నుంచి ఆయన బొటనవేలు కదిలేది. ఇద్దరూ పకపకా నవ్వేవారు.

"ఏంటి? ఏమన్నారు?" అనేదాన్ని నేనూ నవ్వుతూనే.

"ఏం లేదోయ్" అనేవారు ఆయన, కళ్లు తుడుచుకుంటూ. "చెబితే బాగుండదు. చూస్తేనే నవ్వొస్తుంది."

నేను చూస్తూనే ఉన్నాను కదా! అయినా వాళ్లు నవ్వడం ఆపేదాకా నవ్వి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్లేదాన్ని.

నన్ను ఏమని పిలవాలో ఆ అమ్మాయికి తెలియలేదు. అమ్మ అనడం తనకి ఇష్టం లేదు, అది నాకూ న్యాయంగానే తోచింది. వాళ్లమ్మ ఫొటో ఫ్రిజ్ మీద, మందుల డబ్బా పక్కనే ఉండేది. పిన్నీ అనమంటే ముక్కు చిట్లించింది. చివరికి నేను వాళ్ల నాన్నని పిలిచే పిలుపే నాకు తగిలించింది. "ఏవండీ, నా సాక్సులు చూశారా?" అనేది. నేను ఆయన్ని ఏవండీ అంటాను, ఆ అమ్మాయి నన్ను ఏవండీ అంటుంది. ఆ అమ్మాయి పిలిచినప్పుడల్లా ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం. అదీ నాకు ముద్దొచ్చింది. ఆ రాత్రి దేవుడికి చెప్పాను.

ఇంట్లో నా పని ప్రూఫులు దిద్దడం. ప్రెస్ వాళ్లు కాగితాల కట్టలు పంపేవారు. ఆయన రేవుకీ, తను ఒంట్లో బాగున్న రోజున స్కూలుకీ వెళ్లాక, వంటగది కిటికీ దగ్గర కూర్చుని తప్పులు పట్టేదాన్ని. కిటికీలోంచి క్రేన్ల తలలు కనిపించేవి. అందులో పసుపుది ఆయనది. వానలో అది అటు తిరిగి ఇటు తిరిగినప్పుడల్లా చెయ్యి ఊపేదాన్ని. ఆయనకి కనిపించదని తెలుసు. ఊపడానికి అదొక్కటే ఉండేది.

పొద్దున టిఫిన్ దగ్గర ఒకసారి, బ్రెడ్డు కాల్చి ప్లేట్లలో పెడుతూ అన్నాను, "నాకైతే ఈ అంచులే ఇష్టం. మధ్యది ఎవరికైనా ఇచ్చేస్తాను, అంచులు మాత్రం ఇవ్వను. చిన్నప్పుడు మా అన్నయ్య ప్లేట్లోవి దొంగతనం చేసేదాన్ని."

తను "ఓహో" అంది, అంతే.

వానలు ముదిరాక, ఒక పొద్దున తను లేచి స్కూలుకి వెళ్లిపోయాక చూస్తే, తన ప్లేట్లో బ్రెడ్డు అంచులు నాలుగు వైపులా చక్కగా విడదీసి, ఒక పక్కకి పేర్చి ఉన్నాయి. మధ్యది మాత్రమే పాలలో ముంచుకుని తింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నేను నిలబడే ఆ అంచులు తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే దిష్టి తగిలి ఆగిపోతాయేమోనని భయం. దేవుడికి మాత్రం రోజూ అన్నింటికన్నా ముందు అదే చెప్పేదాన్ని. ఇవాళ కూడా నాకు అంచులు పెట్టింది. థాంక్స్.

గాలి ఎక్కువగా ఉంటే రేవులో సైరన్ వేసి క్రేన్లు ఆపేస్తారు. అలాంటి ఒక మధ్యాహ్నం ఆయన ఇంట్లో ఉన్నారు. తను నిద్రపోతోంది. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని, "నాకూ నేర్పండి" అన్నాను.

"నీకెందుకోయ్?"

"మీరిద్దరూ నా మీద జోకులేస్తే నాకూ తెలియాలిగా."

నవ్వి నేర్పారు. ఎత్తడం, దించడం, మెల్లగా. రెండు చేతులూ వేళ్లు కలిపి గుండెల దగ్గర పట్టుకుంటే, ఉన్నది ఉన్నట్టుగా ఆపి ఉంచమని. "బరువైన సరుకు ఒక్కసారిగా ఎత్తం. ముందు జానెడు లేపి, గాల్లో ఉంచి, కాసేపు చూస్తాం. తాడు ఆగుతుందా, బరువు ఒక పక్కకి ఒరుగుతోందా అని. మా మేస్త్రీ అప్పుడిలా చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆయన సైగ చేస్తున్నాడో, దేవుడికి దండం పెట్టుకుంటున్నాడో ఇన్నేళ్లలో నాకు తెలీలేదు."

నేను వెంటనే వేలు పైకి తిప్పి "ఇప్పుడు మీరు లేచి టీ పెట్టాలి" అన్నాను.

"కుదరదు" అన్నారు గంభీరంగా. "క్రేన్‌కి ఒక్కడే సైగ చెయ్యాలి. నలుగురూ నాలుగు చెబితే మనిషి పోతాడు. నాకు మా మేస్త్రీ చెబితేనే ఎత్తుతాను, దించుతాను."

"ఇంకెవరు చెప్పినా వినరా?"

"ఒక్కటి వింటాను." ఆయన కుడిచెయ్యి పక్కకి చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి అడ్డంగా ఊపారు. "ఆపు. ఇది మాత్రం ఎవరైనా చెప్పొచ్చు. దారిన పోయేవాడు చెప్పినా ఆపాల్సిందే. ఎందుకని కూడా అడగకూడదు. ముందు ఆపాలి, తర్వాత అడగాలి."

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. కిందటేడూ ఒకసారి ఇచ్చారట, తీరా ముందురోజు దగ్గు పట్టుకుందని వెనక్కి పంపేశారు. ఈసారి వానలు ముదరకముందే పళ్లతో సహా అన్నీ పరీక్ష చేయించారు, అప్పుడంతా బాగుంది. తేదీ ఇచ్చిన రోజు పెద్ద డాక్టరు, "ఇప్పట్నుంచి జ్వరమొచ్చినా, ఎక్కడ ఏ నొప్పి వచ్చినా, ఆఖరికి పన్ను నొప్పి అయినా సరే, దాచకూడదు. ఏ మూల చీమున్నా ఆ క్రిములు రక్తంలోంచి వచ్చి కొత్త వాల్వ్ మీద కూర్చుంటాయి. అప్పుడు మనం చెయ్యగలిగేది పెద్దగా ఉండదు" అని తనకే సూటిగా చెప్పాడు. తను బుద్ధిగా తలూపింది.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో కిటికీ అద్దానికి చెంప ఆనించి కూర్చుంది. "ఆపరేషనయ్యాక నాన్న క్రేన్ ఎక్కుతాను" అంది. "ఒక్కో మెట్టూ లెక్కపెడతా. ఈసారి ఏదొచ్చినా ఆగను."

అద్దం చల్లగా ఉందేమో, చెంప మళ్లీ మళ్లీ దానికే ఆనించుకుంటోంది. ఎంత బాగుందో అనుకున్నాను.

చేర్పించిన రోజు సాయంత్రం ఆయన స్నేహితులందరూ రక్తం ఇచ్చి వార్డుకి వచ్చారు. ఉతికిన చొక్కాలు వేసుకుని, తలలు నున్నగా దువ్వుకుని, స్కూలు ఫొటోకి వచ్చినట్టున్నారు. ముందు మేస్త్రీ, మాట్లాడితే నోరు అరుగుతుందనుకునే ముసలాయన. వెనకాల బక్కన్న. తలుపులోంచి పక్కకి తిరిగితే గానీ పట్టడు, అందుకే ఆ పేరు.

"చిన్న మేస్త్రీ!" అన్నాడు బక్కన్న ఆ అమ్మాయితో. "నా రక్తం ఎక్కితే జాగ్రత్త. లేచిన వెంటనే ఆకలేస్తుంది. ఆసుపత్రి క్యాంటీన్ మూతపడుతుంది."

"నీ రక్తంలో గురక కూడా ఉంటుందా, మావయ్యా?" అంది తను.

"అది ఫ్రీ."

మేస్త్రీ మంచం పక్కన నిలబడి కళ్లు మూసుకుని, పెదవులు మాత్రం కదిలిస్తూ ప్రార్థన చేశాడు. ఆ కాసేపూ బక్కన్న కూడా నోరు మూశాడు. మత్తు డాక్టరు వచ్చి, "పళ్లేమైనా కదులుతున్నాయా, నొప్పేమైనా ఉందా?" అని అడిగితే తను "లేదు" అంది. టైమైపోయిందని నర్సు అందరినీ తరిమింది. అందరం లిఫ్టు దాకా వచ్చాక నాకు గొడుగు గుర్తొచ్చింది.

"మీరుండండి, తెచ్చుకుంటాను" అని వెనక్కి వెళ్లాను.

తను అటు తిరిగి పడుకుంది. గొడుగు మంచం కింద ఉంది. తీసుకోవడానికి వంగితే, పక్క బల్ల కింది అరలో ప్లేటు కనిపించింది. దానిమీద పేపరు నాప్‌కిన్ కప్పి ఉంది. కొస కొంచెం లేచి ఉంటే, కిందున్నవి అంచులు.

నాలుగు వైపులా చక్కగా విడదీసిన అంచులు. నేను వెళ్లిపోయాను కదా. ఇవి ఎవరికి?

గొడుగు చేత్తో పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను.

"ఏ వైపు పన్ను?" అన్నాను.

తను కదల్లేదు. నిద్రపోతున్నట్టు ఊపిరి తీసింది. నేను మంచం చుట్టూ తిరిగి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?"

"రేపు అయిపోతుందండీ" అంది మెల్లగా. "అయిపోయాక నేనే చెప్తాను. ప్లీజ్. నాన్నకి చెప్పకండి. వాళ్లందరూ రక్తం కూడా ఇచ్చేశారు."

"డాక్టరు చెప్పింది విన్నావు కదా."

"చిన్న నొప్పే. కొంచెమే."

"నాకోసం పెడుతున్నావనుకున్నాను." ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. "ఆ అంచులు. నాకిష్టమన్నానని పెడుతున్నావనుకున్నాను."

తను నావైపు చూసింది. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ముఖం గట్టిపడింది.

"మీరు చెబితే ఇంక నేను మీతో మాట్లాడను. అయినా మీకెందుకు? మీరేమవుతారు నాకు?"

లేచి వరండాలోకి వచ్చాను. ఆ చివర గాజు తలుపు అవతల లిఫ్టు దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. బక్కన్న ఏదో చెబుతున్నాడు, మా ఆయన నవ్వుతున్నారు. చాలా రోజుల తర్వాత భుజాలు దించి, హాయిగా నవ్వుతున్నారు. తలుపు ఇవతల 'నిశ్శబ్దం' అని బోర్డు. పిలిచినా వినపడదు.

గొడుగు ఎడమ చేతిలోకి మార్చుకున్నాను. కుడిచెయ్యి పక్కకి చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి, అడ్డంగా ఊపాను.

ముందు మేస్త్రీ చూశాడు. మాట్లాడకుండా మా ఆయన భుజం తట్టాడు. ఆయన తిరిగి చూశారు. నవ్వు ఆగింది. తలుపు తోసుకుని ఆ వరండా పొడుగునా నడిచి నా దగ్గరికి వచ్చారు. ఎందుకని అడగలేదు. నేను చెప్పేదాకా నిలబడ్డారు.

ఎక్స్‌రేలో దవడ పన్ను వేరు కింద చీము ఉంది. పన్ను పీకేశారు, మందులు మొదలుపెట్టారు, ఆపరేషన్ వెనక్కి జరిపారు. పెద్ద డాక్టరు "మంచిపని చేశారు" అన్నాడు నాతో. ఆ మాట వినడానికి తను ఆ గదిలో లేదు.

తను అన్నంత పనీ చేసింది. మాట్లాడలేదు. ఏవండీ కూడా పోయింది. సాక్సులు కావాలంటే తనే వెతుక్కునేది, దొరక్కపోతే ఒకటి నల్లది ఒకటి నీలంది వేసుకునేది. పన్ను పీకాక బ్రెడ్డు వద్దని జావ తాగేది. టేబుల్ దగ్గర వేళ్లు కదిలేవి, కానీ ఇప్పుడు నవ్వులుండేవి కావు. నాకు సైగలు కొన్ని తెలిసిపోవడంతో వాళ్లు కొత్తవి కనిపెట్టుకున్నారేమో అనిపించేది. ఆయన నాతో మామూలుగానే ఉండేవారు. కానీ ఆ పిల్ల గది ముందు నిలబడి, లోపలికి వెళ్లాలా వద్దా అని చూసి, మళ్లీ వచ్చి కూర్చునేవారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్న మనిషిని నేను ఏమని అడగను?

పగలంతా వాన. క్రేన్లు ఆగిపోయేవి. ప్రూఫుల్లో తప్పులు దిద్దుతూ, ఇంత చిన్న అచ్చుతప్పులు పట్టేదానికి ఇది ఎందుకు కనపడలేదు అనుకునేదాన్ని. పడుకునే ముందు కళ్లు మూసుకుంటే మాట వచ్చేది కాదు. ఒక పిల్ల పన్ను నొప్పికి నేను రోజూ దేవుడికి థాంక్స్ చెప్పాను. అన్నింటికన్నా ముందు అదే చెప్పాను. దేవుడు విని ఏమనుకుని ఉంటాడు?

ఒకరోజు మేస్త్రీ తడిసిన గొడుగుతో వచ్చాడు. ఆయన లేరన్నాను. "తెలుసమ్మా, ఇప్పుడే చూసొచ్చా" అన్నాడు. కుర్చీ అంచున కూర్చుని టీ తాగాడు. అంతసేపూ కిటికీలోంచి క్రేన్లు చూశాడు. వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "నా జీవితంలో ముగ్గురే నా లోడు ఆపారు. ముగ్గురినీ ఆ రోజు తిట్టుకున్నాను" అన్నాడు. ఇంకేదో చెబుతాడని చూశాను. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రెండోసారి తేదీ వచ్చింది. ఒకసారి రక్తం ఇచ్చినవాళ్లు అంతలోనే మళ్లీ ఇవ్వకూడదట. మిగిలింది రెండో షిఫ్టు వాళ్లు. వాళ్లకీ వీళ్లకీ ఎప్పుడో ఫుట్‌బాల్ ఆటలో మొదలైన తగువు. బక్కన్నా, వాళ్ల గోల్‌కీపరూ ఎదురుపడితే తల తిప్పుకుంటారు. అలాంటిది బక్కన్న వెళ్లి అడిగాడు.

"ఏమన్నాడు?" అన్నారు మా ఆయన.

"'ఆ గోల్ గోలేనని ఒప్పుకో, వస్తాం' అన్నాడు."

"ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నా" అన్నాడు బక్కన్న దిగులుగా. "పిల్ల లేచాక మళ్లీ మాట మారుస్తా."

ఆ పొద్దున చక్రాల మంచం మీద తీసుకెళ్తుంటే, తను వాళ్ల నాన్న వైపు చూసి చూపుడువేలు పైకి పెట్టి తిప్పింది. ఆయన ఒక చేతి మీద ఇంకో అరచెయ్యి కప్పారు. మెల్లగా. నేను ఆయన వెనకాల ఉన్నాను. నావైపు చూడలేదు. తలుపులు మూసుకున్నాయి.

బయట బెంచీల మీద రెండు షిఫ్టులవాళ్లూ ఎడంగా కూర్చున్నారు. లోపల గుండెని కాసేపు ఆపి, వాల్వ్ మార్చి, మళ్లీ నడిపిస్తారని డాక్టరు ముందే చెప్పాడు. మేస్త్రీ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ వేళ్లు కలిపి గుండెల దగ్గర పట్టుకున్నాడు. ఒక్కొక్కరే లేచారు. అవతలి షిఫ్టువాళ్లు కూడా లేచారు. మా ఆయన కూర్చోలేక, నిలబడలేక, గోడకి ఆనుకున్నారు. నేను పక్కన నిలబడి చేతులు కలిపాను. థాంక్స్ కాదు, అది కావాలి ఇది కావాలి అని కాదు. పట్టుకుని ఉండు, అంతే. జారనీకు.

ఎంతసేపో తెలీదు. తలుపు తెరుచుకుని పెద్ద డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాగి, "కొట్టుకుంటోంది. బాగా కొట్టుకుంటోంది" అన్నాడు. బక్కన్న వెళ్లి ఆ గోల్‌కీపర్ మెడ కౌగిలించుకుని ఏడ్చేశాడు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, ఎముకలు నొప్పెట్టేంత గట్టిగా.

ఇంటికి వచ్చేసరికి వానలు పలచబడ్డాయి. తనకి ఛాతీ మీద కట్టు, నడిస్తే ఎవరో ఒకరి చెయ్యి. నా చెయ్యి కూడా పట్టుకునేది, గోడని పట్టుకున్నట్టు. పెదాలకి ఎప్పుడూ ఉండే నీలం రంగు పోయి, ఎవరి పెదాలో తెచ్చి పెట్టినట్టు ఎర్రగా ఉండేవి. మాట మాత్రం లేదు.

ఒక పొద్దున ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు. కొత్త బ్రెడ్డు ప్యాకెట్టు విప్పి కాల్చి, తన ముందు రెండు ముక్కలు పెట్టి, నేను కిటికీ దగ్గర ప్రూఫులు ముందేసుకున్నాను. వెనకాల కరకరమని చప్పుడు.

తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతుందని. కరకర, కరకర. అంచులు. మొత్తం. చప్పుడు ఆగాక కుర్చీ జరిగింది, పొయ్యి వెలిగింది. అడుగులు మెల్లగా వచ్చాయి. నా కాగితాల పక్కన ఒక ప్లేటు పడింది. అందులో బ్రెడ్డు చివరి ముక్క ఉంది. ప్యాకెట్టుకి ఆ కొసన ఉండేది, ఒక పక్కంతా అంచే ఉండేది. కొంచెం మాడింది కూడా. తనే కాల్చినట్టుంది.

"ఇది నిజంగా మీకే, ఏవండీ" అంది, కిటికీలోంచి పసుపు క్రేన్ చూస్తూ.

నేను ఆ ముక్క పట్టుకుని, పెట్టేసి, లేచి నిలబడ్డాను.

"నోరు తెరువు" అన్నాను.

"అబ్బా, నొప్పేం లేదు."

"ఆ... అను."

కళ్లు తిప్పి, విసుగ్గా, వెడల్పుగా నోరు తెరిచింది. వెలుతురు కోసం గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. ఈ వైపు చూశాను, ఆ వైపు చూశాను. పీకిన పన్ను చోట చిగురు గులాబీరంగులో మూసుకుపోయి ఉంది. మిగతావన్నీ బాగున్నాయి.

అప్పుడు థాంక్స్ చెప్పాను.